వారానికి ఒక్క చుక్క

బెర్న్,
9 అక్టోబరు 1921

సలోమియా అక్కకి,

ఎండుగడ్డి అంతా పాకలోకి చేరిందా? ఇక్కడ మూడు రోజులుగా ముసురు. నువ్వూ మైన్రాడ్ బావా గడ్డి తడిసిపోతుందని ఎంత హైరానా పడుతున్నారో అనుకుంటూనే ఉన్నాను. అమ్మ ఎలా ఉంది? మా ఓస్వాల్డ్ బాబు ఎలా ఉన్నాడు?

నాకు పని మారింది. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టానా, ఇప్పుడు డాక్టర్ ఆమ్‌రైన్ గారి వెంట ఊరూరా తిరుగుతున్నాను. బడికి వెళతాం. పిల్లలు వరసలో నిలబడతారు. ఆయన ఒక్కొక్కరి గొంతు తడిమి "చిన్నది", "పెద్దది", "లేదు" అని చెబుతారు, నేను రాస్తాను. "లేదు" అని రాసే అవకాశం నాకు అరుదుగా వస్తోంది, తెలుసా!

మన ఊళ్లో మెడ సన్నగా ఉంటే "కొంగమెడ" అని ఏడిపిస్తారు కదా. నన్నూ అలాగే ఏడిపించారు. గొంతుగడ్డ మన లోయకే సొంతం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదక్కా. బెర్న్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో, సరస్సు ఒడ్డున ఉన్న పెద్దింటి పిల్లల్లో కూడా సగానికి పైగా ఉంది. సైన్యానికని వచ్చిన కుర్రాళ్లని గొంతు చూసి వెనక్కి పంపేస్తున్నారట. కాలరు పట్టదు, మూట మోస్తే ఊపిరాడదు. దేశం దేశమంతా ఇదే కథ, ఎవరికి వాళ్లు మా ఊరి సంగతే అనుకుంటున్నారు.

మొన్న ఒక హెడ్మాస్టరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మా బడిలో ఆ జబ్బు ఎవరికీ లేదండీ, అనవసరంగా శ్రమపడ్డారు" అన్నాడు. ఆయన గొంతు మీద బత్తాయంత కాయ కాలరు మీదికి ఒరిగి ఉంది. డాక్టరుగారు మర్యాదగా "మరి తమరిదో?" అన్నారు. "ఇదా? ఇది జబ్బెందుకవుతుందండీ, మా తాతగారి నుంచీ వస్తున్నదే!" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాను.

డాక్టరుగారు చెప్పింది నీకు చెప్పాలి. గొంతులో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందట. దానికి అయోడిన్ అనేది పిసరంత కావాలి. సముద్రం దగ్గర పుష్కలంగా ఉంటుంది. మన కొండల మట్టిలో లేదు. మట్టిలో లేనిది గడ్డిలోకి రాదు, గడ్డిలో లేనిది పాలలోకి రాదు, పాలలో లేనిది మనలోకి రాదు. ఆ గ్రంథి దానికోసం వెతుక్కుని వెతుక్కుని ఉబ్బిపోతుందట. కడుపుతో ఉన్న తల్లికి అది చాలకపోతే బిడ్డకి చెవులు రావు, మాట రాదు, ఎదుగుదల ఉండదు. ఆయన అలా చెబుతుంటే నాకు ఓస్వాల్డే కళ్లముందు మెదిలాడు. అది శాపమూ కాదు, ఎవరి పాపమూ కాదు. ఒంట్లో లోపం, అంతే. ఆ మాట వినగానే నా గుండె మీంచి బండ దిగినట్టయింది. నీకూ దిగుతుందని రాస్తున్నాను.

అమ్మకి నా ముద్దులు.

నీ
అగతా


రీడ్‌బాక్,
30 అక్టోబరు 1921

అగతా,

ఉత్తరం అందింది. గడ్డి ఎప్పుడో లోపలికి చేరింది. బంగాళాదుంపలు ఈసారి చిన్నవే. ఎర్రావు చిక్కిపోయింది, మంచుకాలం దాటుతుందో లేదో.

నీ గుండె మీంచి బండ దిగినందుకు సంతోషం. అది తిన్నగా వచ్చి నా మీద పడింది. లోపం నాలో ఉందన్నమాట. ఆరేళ్లుగా ఫాదర్‌గారు "అది దేవుడు నీకిచ్చిన శిలువ అమ్మా, ఓపిగ్గా మొయ్యి" అంటుంటే మోస్తున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి అది దేవుడిచ్చింది కాదు, నువ్వే పెట్టిందంటున్నావు. నీ ఉత్తరం మా అత్త కంటపడింది. ఆవిడ చదివి మడతపెట్టి బల్ల మీద పెట్టి, "నేను మొదట్నించీ అంటూనే ఉన్నాగా" అంది. ఏమంటూనే ఉందో నేను అడగలేదు.

ఇకమీదట ఇలాంటివి రాయాలనిపిస్తే రాయకు.

ఓస్వాల్డ్ బాగున్నాడు. మేకల్ని తోలుకు వెళుతున్నాడు. వాడు పిలవలేడు, అవి పిలిస్తే వాడికి వినపడదు, అయినా వాడి వెనకే నడుస్తాయి. ఊళ్లో ఏ గొల్లవాడి మాటా అంత బాగా వినవు.

అమ్మకి గొంతు ఇంకా పెరిగింది. పడుకుంటే ఈల వేసినట్టు ఊపిరి చప్పుడు. గడ్డ కనపడకుండా మెడకి కట్టుకునే మఖ్మల్ పట్టీ చివరి కొక్కేనికి కూడా అందటం లేదు. పట్టీ లేకుండా గుడికి రానంటుంది. ఈ వయసులో ఎవరు చూస్తారే అంటే, "నీ మొగుడు చూడడేమో, దేవుడు చూస్తాడు" అంది. నోరు మాత్రం ఎక్కడా ఉబ్బలేదు, సన్నగా పదునుగా ఉంది.

నాకు జున్ను గది వాసన పడటం లేదు. ఇంతకంటే రాసేదేం లేదు.

సలోమియా


బెర్న్,
13 నవంబరు 1921

అక్కా, అక్కా,

నన్ను క్షమించు. నీ మీద ఏదో మోపాలని నేను ఎందుకనుకుంటాను? నిన్ను తేలికపరచాలని రాశాను. కాగితం మీద నా గొంతు నీకు వినబడదు కదా, అక్కడే వచ్చింది చిక్కంతా. ఎదురుగా ఉంటే నీ ఒళ్లో తల పెట్టుకుని చెప్పేదాన్ని.

జున్ను గది వాసన పడటం లేదని రాసి ఊరుకున్నావు. ఓస్వాల్డ్ కడుపున పడ్డప్పుడూ నువ్వు ఆ గదిలోకి వెళ్లలేదు. అప్పట్లో గిన్నెలన్నీ నేనే తోమాను, నాకు గుర్తుంది. నిజమేనా? ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. భయంతో కాదు, సంతోషంతో. ఈసారి మనకి తెలుసు కదా!

ఈ ఉత్తరంతో పాటు ఒక సీసా పంపుతున్నాను. దూదిలో చుట్టాను, పగలదు. అందులో అయోడిన్ మందు ఉంది. వారానికి ఒక్క చుక్క, ఆదివారం పూట పాలలో. అంతే. పిల్ల పుట్టేదాకా. రుచి ఏమీ ఉండదు. డాక్టరుగారిని బతిమాలి తీసుకున్నాను. "ఎవరికి?" అన్నారు. "మా అక్కకండీ, నెల తప్పింది" అన్నాను. ఆయన నవ్వి తనే స్వయంగా నింపి ఇచ్చారు.

అమ్మ సంగతి వేరు. వేసవికి తనని ఇక్కడికి తీసుకురా, డాక్టరుగారు చూస్తారు. ఇక్కడ గొంతు కోసి గడ్డ తీస్తారు, రోజూ చూస్తూనే ఉన్నాను, వారంలో లేచి తిరుగుతారు. ముందే చెబితే హడలిపోతుంది, రైలెక్కించేదాకా చెప్పకు.

బావని అడిగానని చెప్పు. మీ అత్తగారిని అడగలేదని చెప్పు.

నీ చిన్నది,
అగతా


రీడ్‌బాక్,
27 డిసెంబరు 1921

అగతా,

సీసా పగలకుండా వచ్చింది. వాడుతున్నాం. నువ్వడిగింది నిజమే, జూన్ నెలాఖరుకి.

క్రిస్మస్ గడిచింది. ఊళ్లో అందరం కలిసి ఊరి పొయ్యి వెలిగించి రై ధాన్యపు రొట్టెలు కాల్చుకున్నాం, ఈస్టరు దాకా సరిపోతాయి. మంచు బాగా పడింది. గుడి దాకా బావ పారతో దారి తీశాడు.

అమ్మ గురించి చెబితే నమ్మవు. మనిషికి ఇరవయ్యేళ్లు తగ్గాయి. గొంతు దిగింది, మఖ్మల్ పట్టీ రెండు కొక్కేలు లోపలికి వచ్చింది. పొద్దు పొడవకముందే లేచి ఇల్లంతా ఊడ్చేస్తోంది, ఊడ్చిందే మళ్లీ ఊడుస్తోంది. కిటికీ తెరిచి పడుకుంటోంది, ఉడుకు అంటుంది, బయట చెట్లు పగిలే చలి. తిండి మాత్రం ఇద్దరి తిండి తింటోంది. కోపం కూడా ఇద్దరిది వచ్చింది. నిన్న చేతులు వణికి పాల కుండ కింద పడేసింది, తిట్లు నాకు. నీకూ ఒక ముక్క రాయమంది, రాస్తున్నాను. ఆవిడ మాటలే ఇవి: "ఊరూరా తిరిగి మగపిల్లల గొంతులు పిసకడానికా నేను కన్నది? పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. ఈస్టరుకి కూడా రావద్దని చెప్పు."

నేను రాయనంటే నా చేతిలోంచి కలం లాక్కుంది. అందుకే ఆ మరక.

ఓస్వాల్డ్‌కి నువ్వు పంపిన ఎర్ర మేజోళ్లు సరిపోయాయి. విప్పటం లేదు.

సలోమియా


బెర్న్,
15 జనవరి 1922

అక్కా,

జూన్ నెలాఖరు! ఆ పేజీ తలకింద పెట్టుకుని పడుకున్నాను.

అమ్మ మాట మాత్రం గుచ్చుకుంది. ఇక్కడికి నన్ను పంపింది తనే కదా. రైలు దగ్గర "వెళ్లు, ఇక్కడ నీకేముంది, మేకలూ నీ మేనమామలూ" అన్న మనిషి. ఇప్పుడు ఈస్టరుకి రావద్దంటోందా? సరే, రాను. నేను ఏ తప్పు పనీ చేయటం లేదని చెప్పు. ఇక్కడ చేసే లెక్క బయటికొస్తే దేశంలో ప్రతి అంగడిలో ఉప్పులోనే ఈ అయోడిన్ కలిపి అమ్మవచ్చని డాక్టరుగారి ఆశ. తూర్పున ఒక చిన్న సీమలో అప్పుడే మొదలుపెడుతున్నారట. అప్పుడు ఏ తల్లీ సీసాల కోసం బతిమాలనక్కర్లేదు. ఆ సంగతి అమ్మకి ఎలా చెబుతావో చెప్పు, చెప్పకపోయినా సరే.

నువ్వు వాడుతున్నానని రాశావు, నా ప్రాణం కుదుటపడింది. ఒక్కటే మాట అక్కా. గొంతు తగ్గిందనో, ఒంట్లో ఏదో తేడాగా ఉందనో మధ్యలో మానెయ్యకు. ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లు ఇదే చేస్తారు, నాలుగు రోజులు బాగుంటే సీసా అటక మీద పెట్టేస్తారు. ఏమైనా సరే మానొద్దు. ఇంకో సీసా పంపుతున్నాను.

అమ్మ కోపం తగ్గాక రాయి.

అగతా


రీడ్‌బాక్,
12 మార్చి 1922

అగతా,

అమ్మ పోయింది. గురువారం పోయింది, శనివారం మట్టి చేశాం. కింద వంతెన దగ్గర మంచుచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. తంతి ఇచ్చినా నువ్వు రాలేవు. ఈ ఉత్తరం కూడా ఎప్పుడు కదులుతుందో తెలియదు.

నీళ్ల తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతూ పోయింది. నేను వద్దన్నాను. "నువ్వు కడుపుతో ఉన్నావు, నేను కాదుగా" అంది. ఫిబ్రవరి నుంచీ మనిషి ఎండుపుల్ల అయిపోయింది. ఎంత తిన్నా ఒంటికి పట్టలేదు. కళ్లు పెద్దవై బయటికి వచ్చినట్టుండేవి. గుండె ఎలా కొట్టుకునేదంటే, బల్లకి అవతల కూర్చున్న నాకు ఆవిడ రవిక కదలటం కనిపించేది. "లోపల ఎవడో గుర్రం తోలుతున్నాడే" అని నవ్వేది. చివర్లో నవ్వటం మానేసింది. జనవరిలోనే నేను చుక్కలు ఆపుదామన్నాను. అంతలో నీ ఉత్తరం వచ్చింది, ఏమైనా సరే మానొద్దని. అదే చదివి వినిపించాను. "చూశావా, చదువుకున్నది చెబుతోంది" అని రెండో సీసా కూడా తనే తెరిచింది. వారానికి ఒకటి దేనికి చాలుతుందని రోజూ వేసుకునేది, తర్వాత పూటకొకటి.

నీ మందు అమ్మని తినేసింది. ఊళ్లో అందరూ అదే అంటున్నారు, నేను కాదనలేదు.

ఇంక ఏమీ పంపకు.

సలోమియా


బెర్న్,
24 మార్చి 1922

అక్కా,

ఉత్తరం ఇవాళే వచ్చింది. డాక్టరుగారి గదిలో నిలబడే చదివాను. ఆయన కుర్చీ వేశారు.

అది అమ్మకి కాదు. నీకు. నీకు పంపాను. సీసా మీద నీ పేరుంది.

ఏళ్ల తరబడి గడ్డలు కట్టిపోయిన గొంతు ఉన్నవాళ్లకి ఆ మందు పడకూడదట. ఎండి ఉన్న కట్టెలకి నిప్పంటించినట్టే, గ్రంథి ఒక్కసారి రేగి గుండెని పరుగెత్తిస్తుందట. అందుకే అమ్మ సంగతి వేరని రాశాను. ఎందుకు వేరో రాయలేదు. నువ్వు తనకి ఇస్తావని నాకు తోచలేదు. నువ్వు వాడుతున్నాం అంటే నువ్వే అనుకున్నాను. తెరిచిన కిటికీ, వణికే చేతులు, ఇద్దరి తిండి — నువ్వు అన్నీ రాశావు అక్కా. ఇలాంటివాళ్లు మంచాల మీద పడుకుని ఉంటే రోజూ వాళ్ల పక్కనుంచే నడుస్తాను. అమ్మ తిట్టిన తిట్టు ఒక్కటే చదువుకుని కూర్చున్నాను.

తన మొహం నేను చూడలేదు. ఏ బట్టల్లో పంపారు? పట్టీ పెట్టారా?

ఒక్కటి అడగాలి. కోప్పడినా సరే జవాబు రాయి. అమ్మే వాడితే, మరి నువ్వేం తీసుకున్నావు?

అగతా


రీడ్‌బాక్,
2 జులై 1922

అగతాకి,

జూన్ ఇరవై ఆరున ఆడపిల్ల పుట్టింది. వెరేనా అని పేరు పెట్టాం. కాన్పు తేలికగానే అయింది.

మంచి పిల్ల. ఏడవదు. పాలకి కూడా నేనే తట్టి లేపాలి. బొడ్డు కొంచెం పొంగి ఉంది, దానంతట అదే పోతుందంది మంత్రసాని. ఇలాంటి బుద్ధిమంతురాలు ఈ ఇంట్లో పుట్టలేదని మా అత్త మురిసిపోతోంది.

నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. బావ నిన్ను అడిగానని రాయమన్నాడు.

సలోమియా


బెర్న్,
9 జులై 1922

అక్కా,

ఇది చదివి చించెయ్యి, పొయ్యిలో వెయ్యి, కానీ ముందు చివరిదాకా చదువు.

ఏడవని పిల్ల బుద్ధిమంతురాలు కాదు. వెరేనా నాలుక కొంచెం బయటికి వస్తోందా? చేతులు చల్లగా ఉంటున్నాయా? గొంతు బొంగురుగా ఉందా? నిద్రపోతూనే ఉంటుందా? నువ్వు రాసిన బొడ్డు సంగతి వినగానే డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. గొర్రె గొంతు గ్రంథి ఎండబెట్టి చేసిన మాత్రలు ఉన్నాయి. పిల్లలో లేనిదాన్ని బయటినుంచి ఇస్తారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఆలస్యమైతే పోయింది తిరిగిరాదు. ఇది సీసా కాదు, పోస్టులో పంపను. పిల్లని చూసి, తూకం చూసి, డాక్టరుగారే ఇస్తారు. రైల్లో కొండ సొరంగం దాటితే సగం రోజు ప్రయాణం. స్టేషన్లో నేనుంటాను.

నన్ను జన్మలో క్షమించొద్దు. పిల్లని తీసుకురా.

అగతా


బెర్న్,
1 అక్టోబరు 1922

అక్కా,

మూడు ఉత్తరాలకి జవాబు లేదు, అందుకే పోయిన వారం నేనే ఊరికి వచ్చాను. నువ్వు తలుపు తీయలేదు. కిటికీ తెర వెనక నీ భుజం కనిపించింది. "అక్కా, పిల్లని చూసి వెళ్లిపోతాను" అన్నాను. వినే ఉంటావు. ఓస్వాల్డ్ ఒక్కడే వచ్చాడు, నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్లాడు, గొళ్లెం ఊపాడు, నా వైపు చూశాడు. వాడికి ఏం చెప్పను? బావ కంచె దగ్గర రొట్టె, జున్ను మూటకట్టి ఇచ్చాడు. "దానికి అమ్మ పోయిందమ్మా, టైం పడుతుంది" అన్నాడు. "నాకూ పోయింది బావా" అన్నాను. పాపం, తలదించుకున్నాడు.

అమ్మ సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. అక్కడికి వచ్చిన ఆడవాళ్లు నాకు వినపడేలాగే మాట్లాడుకున్నారు. అయోడిన్ కలిపిన కొత్త ఉప్పు అంగడికి తెప్పించాలా వద్దా అని ఫిబ్రవరిలో మగవాళ్లు చేతులెత్తి తేలుస్తారట. "క్రెజెంట్సియాని చంపిన ఉప్పు మనకెందుకమ్మా?" అని ఒకావిడ, అమ్మ పేరెత్తి. ఇంకొకావిడ "మెడలు సన్నబడి మనమూ పట్నంవాళ్లమైపోతాం" అని నవ్వు.

అమ్మ తిన్నది ఉప్పు కాదక్కా. ఆ ఉప్పులో ఉండేది పిసరంతే. జన్మంతా తిన్నా రెండు సీసాలంత కాదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. నేను చెబితే చంపినదాని మాట అంటారు. ఆ లోయలో వచ్చే ఏడాది పుట్టబోయే ప్రతి పిల్లకీ అమ్మ చావు అడ్డంగా నిలబడింది. అమ్మ ఇది ఒప్పుకునే మనిషేనా?

వెరేనాకి మూడు నెలలు నిండాయి. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

అగతా


రీడ్‌బాక్,
18 ఫిబ్రవరి 1923

అగతా,

పోయిన మార్చిలో అంత దూరం నుంచి ఒక ప్రశ్న అడిగావు. దానికి జవాబు రాయటానికి దాదాపు ఏడాది పట్టింది.

నేను ఏమీ తీసుకోలేదు. ఆ మొదటి ఆదివారం పాలలో చుక్క వేసుకున్నాను. గ్లాసు నోటిదాకా తెచ్చాను. ఓస్వాల్డ్ ఎదురుగా కూర్చుని పళ్లెం నాకుతున్నాడు. ఈ చుక్క తాగి నేను చక్కటి పిల్లని కంటే, అది మాట్లాడితే, పాడితే, అప్పుడు వీడి సంగతేమిటి? వీడికి కావలసింది ఇంతేనా, ఒక్క చుక్కా? శిలువ కాదు, శాపం కాదు, ఆరేళ్లు నేను మోకాళ్ల మీద ఏడ్చింది ఒక్క చుక్క లేకనా? అది నేను తాగలేకపోయాను అగతా. తాగితే వాడికి ద్రోహం చేసినట్టనిపించింది. పారబోద్దామంటే ఊపిరి ఆడక ఈలవేస్తూ అమ్మ. "నాకివ్వు, పట్నం మందు నేనూ చూస్తా" అంది. ఇచ్చాను. అప్పుడు నీ మీద కోపంతోనే రాస్తున్నా కదా, నిజం రాయబుద్ధి కాలేదు.

నువ్వొచ్చిన రోజు తలుపు వెనకే ఉన్నాను. పిల్ల నా చేతుల్లోనే ఉంది. నీకు చూపిస్తే నువ్వు చూస్తావు, అందుకే తీయలేదు.

ఈ నెల మొదట్లో, క్యాండిల్‌మస్ పండగ మర్నాడు ఓస్వాల్డ్ పాకలోంచి ఖాళీ పాల డబ్బాలు తెస్తూ గుమ్మం తట్టుకుని పడ్డాడు. నాలుగు డబ్బాలూ రాతి గచ్చు మీద. నేను ఎగిరిపడ్డాను, మా అత్త "ఏసూ!" అని అరిచింది, పిల్లి అటకెక్కింది. వెరేనా పొయ్యి పక్క బుట్టలో కళ్లు తెరుచుకునే ఉంది. రెప్ప కదల్లేదు. ఓస్వాల్డ్ లేచి దాని వైపు చూసి నవ్వాడు, అది వాడి వైపు చూసింది. ఆ గదిలో చప్పుడు వినని ఇద్దరు వాళ్లు. మా అత్త ఆప్రన్ ఎత్తి మొహం కప్పుకుంది. ఈసారి ఏమీ అనలేదు.

ఆ వచ్చే ఆదివారమే ఓటు. గుడిలో మాస్ ప్రార్థన అయ్యాక మగవాళ్లు గుడి ముందు గుంపుకట్టారు, ఆడవాళ్లం మెట్ల మీద. పంచాయతీ పెద్ద లేచి "చంపే ఉప్పు మనకొద్దంటే చెయ్యెత్తండి" అనబోయాడు. నేను మెట్లు దిగాను. ఆ గుంపులోకి ఆడది దిగటం ఎప్పుడూ లేదు. "పైకెళ్లమ్మా, ఇది మగాళ్ల పని" అన్నాడాయన. "చచ్చింది మా అమ్మ, మీ అమ్మ కాదు" అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా అమ్మ ఉప్పు తినలేదు. మందు తాగింది. అది నాకొచ్చిన మందు. వారానికి ఒక్క చుక్క నన్ను తాగమంటే నేను తాగకుండా ఆవిడకి పోశాను. ఆవిడ పోయింది. నేను తాగనందుకు నా కూతురికి చెవులు పోయాయి. రెండూ నా చేతులతో చేసినవే. ఉప్పునేం అనకండి."

ఒకడు వెనకనుంచి "కడుపున పుట్టినదాని గురించి నలుగురిలో చెప్పుకుంటుందేంట్రా" అన్నాడు. బావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంతే. నిలబడ్డాడు. చేతులు లెక్కపెడితే సమానం వచ్చాయట, ఫాదర్‌గారు "రెండు రకాలూ పెట్టుకోండి, ఎవరిష్టం వాళ్లది" అని తేల్చారు. కొత్త ఉప్పు, పాత ఉప్పు.

అప్పటినుంచీ నీళ్ల తొట్టి దగ్గర నాకు చోటిచ్చేవాళ్లు తగ్గారు.

మంగళవారం రైలుకి వస్తున్నాను, పిల్లతో. ఆలస్యమైందని నాకు తెలుసు, ఆ మాట నువ్వు మాత్రం అనకు. అమ్మని నల్ల పట్టు బట్టల్లో పంపాం. పట్టీ పెట్టాం.

అక్క


బెర్న్,
22 ఏప్రిల్ 1923

అక్కా,

మీరు వెళ్లాక గది ఖాళీగా ఉంది. వెరేనాకి ఉయ్యాలగా వాడిన సొరుగు ఇంకా మూయబుద్ధి కావటం లేదు.

డాక్టరుగారు నిన్న మళ్లీ చెప్పారు, మాత్రలు పొద్దున్నే, పాలకి ముందు, ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఒకవేళ గుండె వేగంగా కొట్టుకున్నా, చెమటలు పట్టినా, విరేచనాలైనా వెంటనే ఆపి నాకు తంతి ఇవ్వు. చూశావా, ఈసారి ఎప్పుడు ఆపాలో కూడా రాస్తున్నాను.

వినికిడి గురించి ఆయన నీకు చెప్పింది నిజం. అది రాదు. నువ్వు తలూపి "నడుస్తుందా?" అన్నావు. "నడుస్తుంది, పెరుగుతుంది, నిన్ను గుర్తుపడుతుంది" అన్నారు. నువ్వు నీ టోపీ రిబ్బను కట్టుకుంటూ చాలాసేపు ముడి వేయలేకపోయావు. నేను సాయం చేయబోయి ఊరుకున్నాను. చేసుండాల్సింది.

మా లెక్క పూర్తి కావచ్చింది. దేశం మొత్తం మీద ఎన్ని గొంతులో ఒక కాగితం మీద వేశారు. పెద్ద అంకె. ఆ అంకెలో అమ్మ లేదు, ముసలివాళ్లని లెక్కపెట్టలేదు. ఓస్వాల్డ్ లేడు, బడికి రాడు కదా.

నీ
అగతా


రీడ్‌బాక్,
10 జూన్ 1923

చిన్నదానా,

మాత్ర రోజూ వేస్తున్నాను. నాలుక లోపలికి వెళ్లింది. తల నిలుపుతోంది. మొన్న ఆకలేసి ఏడ్చింది, గొంతు కీచుగా, కోడిపిల్లలా. బావ పొలంలోంచి పరుగెత్తుకొచ్చాడు, ఏమైందోనని. ఏమీ కాలేదు, ఆకలేసింది, అంతే అన్నాను. ఇద్దరం కాసేపు అక్కడే నిలబడి ఏడవనిచ్చాం.

ఎర్రావు చచ్చిపోయింది. పచ్చిక బాగుంది. మేకల్ని పైకి తోలే కాలం, ఓస్వాల్డ్ రేపు బయల్దేరతాడు.

అంగడిలో రెండు మూటలు పక్కపక్కనే ఉంటాయి. బెర్న్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ కొత్త ఉప్పు మూటలో గరిటె నేనొక్కదాన్నే ముంచాను. అందరూ నా బుట్టలోకి చూసేవాళ్లు. మా మరిది భార్యకి నెల తప్పింది, ఆవిడ నాతో మాట్లాడదు. నేనూ ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఒకసారి చెప్పబోతే మొహం తిప్పుకుంది.

నిన్న ఉప్పుకి వెళితే అంగడామె మూట దులిపి చూపించింది. "కొత్తది అయిపోయిందమ్మా, శనివారం వస్తుంది" అంది. "నేను కొన్నది గుప్పెడే కదా, ఎవరు కొన్నారు?" అన్నాను. ఆవిడ తక్కెడ తుడుస్తూ, "చెప్పొద్దన్నారు" అంది. ఒకరా, ఇద్దరా అని అడగబోయి మానేశాను. పాత ఉప్పు కొనకుండానే ఇంటికొచ్చాను. శనివారం దాకా చప్పిడి తింటాం.

మీ అక్క
సలోమియా